మేర వదులుకున్నవాళ్ళ వారసులం

దేవుణ్ణి నమ్మినవాడికి కీడు రాదట. వచ్చిందంటే ఆ నమ్మకంలోనే ఎక్కడో లోటుందట. మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఇప్పుడు ఈ మాటను ప్రశ్నించేవాళ్ళు పెద్దగా కనబడటం లేదు. ఆదివారం ప్రసంగంలో ఇదే, టీవీ కార్యక్రమాల్లో ఇదే, ఊరి బయట పందిళ్ళు వేసి మూడు రాత్రులు జరిపే ఆశీర్వాద సభల్లో ఇదే. యేసు దగ్గరికి రండి, అప్పులు తీరతాయి, వీసా వస్తుంది, గర్భం నిలుస్తుంది, శత్రువు మీ గడప తొక్కడు.

దేవుడు ఇవేవీ ఇవ్వడని నేననను. ఇస్తాడు. అనుదిన ఆహారం కోసం అడగమని నేర్పింది ఆయనే. నేను కాదంటున్నది ఆ వెనకాల ఉన్న లెక్కను. సుఖంగా ఉంటే విశ్వాసం ఉన్నట్టు, ఆపద వస్తే లేనట్టు అనే లెక్క అది. బైబిల్లో అది లేదు. ఈ నేల మీద మన సంఘాలు పుట్టిన తీరులో అంతకన్నా లేదు.

ముందు బైబిలు సంగతి. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో వాగ్దాన కార్డులు తీసుకుంటాం. చాలామంది ఆశపడే కార్డు యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. మీకు హాని కాదు, మేలు చేయాలన్నదే నా తలంపు అని దేవుడు చెప్పే చోటు అది. ఫ్రేము కట్టించి ముందు గదిలో పెట్టుకుంటాం. దాని పైనున్న వచనాన్ని మాత్రం ఎవరూ ఫ్రేము కట్టించుకోరు. అందులో డెబ్బై ఏళ్ళు అని ఉంది. బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి రాసిన ఉత్తరం అది. దాన్ని చదివించుకుని విన్న పెద్దవాళ్ళలో మళ్ళీ యెరూషలేము ముఖం చూసినవాళ్ళు ఏ కొద్దిమందో. అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం బాగు కోసమే ప్రార్థన చేయండి అన్నాడు ప్రవక్త.

దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త ఉన్నాడు. రెండేళ్ళలో అంతా సర్దుకుంటుంది, రాజు ఎత్తుకుపోయిన గుడి సామాను తిరిగొస్తుంది అని అతనూ దేవుని పేరు మీదే చెప్పాడు. యిర్మీయా మెడ మీదున్న కాడిని లాగి అందరి ముందూ విరగ్గొట్టాడు. ఆ రోజు వింటున్న జనానికి ఎవరి మాట తియ్యగా ఉండి ఉంటుందో వేరే చెప్పాలా? నిలిచింది మాత్రం యిర్మీయా మాట. ఇవాళ మనం యిర్మీయా వచనం పట్టుకుని దానికి హనన్యా అర్థం చెప్పుకుంటున్నాం.

91వ కీర్తన సంగతీ అంతే. గుమ్మాల మీద, కారు అద్దాల మీద, ఆటోల వెనక రాయించుకుంటాం. చదవాల్సిందే, కంఠతా పట్టాల్సిందే. అయితే సువార్తల్లో ఆ కీర్తనలోని మాటల్ని ఎత్తి చెప్పిందెవరో గుర్తుండాలి. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారని రాసి ఉందిగా అన్నది అపవాది. కాదన్నది యేసు. దేవుని కాపుదలను పూచీకత్తుగా మార్చి చూపించడం ఆనాడే శోధన అనిపించుకుంది.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. హేరోదు యాకోబును కత్తితో చంపించాడు. అదే హేరోదు పేతురును చెరసాలలో వేస్తే దూత వచ్చి సంకెళ్ళు ఊడగొట్టి బయటికి నడిపించాడు. ఇద్దరూ అపొస్తలులే. ఇద్దరూ యేసుతో రూపాంతర కొండ ఎక్కినవాళ్ళే. యాకోబుకు విశ్వాసం తక్కువైందని లూకా ఒక్క ముక్క రాయలేదు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో కొందరు కత్తి వాత నుంచి తప్పించుకున్నారు, కొందరు కత్తితోనే చచ్చారు. రెండు వరుసలకూ ముందున్న మాట విశ్వాసమే. మన పాస్టర్లు ఆ అధ్యాయాన్ని ఎర్ర సముద్రం దాకా, యెరికో గోడల దాకా ఉత్సాహంగా చదివి 35వ వచనం మధ్యలో ఆపేస్తున్నారు. ఆపిన చోటే మన అసలు పాఠం మొదలవుతుంది.

ఇక మన సొంత చరిత్ర. కాస్త ఆగి చూడాల్సింది ఇక్కడే.

అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరు చేరారు. పాతికేళ్ళు గడిచినా వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే విశ్వాసులయ్యారు. మిషను మూసేద్దామని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. 1866లో తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాక కథ మారింది. ఆయన మాదిగ, తోళ్ళ వ్యాపారి. ఊరూరా తిరిగే మనిషి కనుక వెళ్ళిన చోటల్లా తన బంధువులకు యేసు గురించి చెప్పాడు. ఒంగోలులో అప్పటికి ఆ మిషను తరఫున జాన్ క్లౌగారు పై కులాల పిల్లల కోసం బడి పెట్టి ఉన్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని ఆ కులాల పెద్దలు చెప్పారు. క్లౌ, ఆయన భార్య హేరియట్ మాదిగల పక్షాన నిలబడ్డారు. బడి ఖాళీ అయింది. పలుకుబడి ఉన్నవాళ్ళ స్నేహం పోయింది.

వాళ్ళు పోగొట్టుకున్నది ఒక బడి. పేరయ్య వెంట వచ్చిన మాదిగలు పోగొట్టుకున్నదెంతో చూడండి. కొత్త విశ్వాసులకు క్లౌగారు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. ఈనాడు గుళ్ళో కూర్చుని వింటే ఇవి చిన్న నియమాల్లా తోస్తాయి. ఆనాటి పల్లెలో ఒక్కో నియమం ఒక్కో పూట కూడు తీసేసేది. మాదిగలు రైతు ఇంటికి చెప్పులు కుట్టాలి, మోటకు తోలు బొక్కెన కుట్టాలి, చచ్చిన గొడ్డును ఈడ్చాలి, జాతరలో డప్పు కొట్టాలి, పిలిచినప్పుడు వెట్టికి పోవాలి. బదులుగా నూర్పిళ్ళప్పుడు కళ్ళంలో మేర కొలిచేవాళ్ళు. అంటే ఊరి వృత్తులవాళ్ళకు పంటలో ఇచ్చే గింజల వాటా. ఏడాది తిండికి అదే ఆధారం. కోత ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఆదివారం పొలానికి రాననడం, జాతర నాడు డప్పు పట్టననడం అంటే ఆ మేరను పణంగా పెట్టడమే. ఊళ్ళో కరణం, మునసబు, మోతుబరి ఒక్కటయ్యారు. నీళ్ళ దగ్గరికి రానివ్వలేదు. పనికి పిలవలేదు. కొట్టారు. తప్పుడు కేసులు పెట్టారు.

డప్పు మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. డప్పు మాదిగల కళ, దాన్ని మిషనరీలు మాన్పించి వాళ్ళ సంస్కృతిని పోగొట్టలేదా అని ఈనాటి దళిత రచయితలు కొందరు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. మాదిగ దండోరా ఉద్యమం డప్పును తలెత్తుకునే గుర్తుగా మార్చాక ఆ ప్రశ్నకు ఇంకా బలం వచ్చింది. అయితే 1870లలో డప్పు పట్టనన్న మనిషి తన కళను కాదనలేదు, వెట్టిని కాదన్నాడు. ఆ తెగింపుకు కావలసిన బలం అతనికి విశ్వాసం నుంచే వచ్చింది.

బియ్యం కోసం కలిశారన్న నింద కూడా మన చెవిన పడుతూనే ఉంటుంది. 1876 నుంచి 1878 దాకా సాగిన గొప్ప కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయారు. క్లౌగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైబడిన ముక్కను కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు కూలి చూపించారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు సాయం అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు, ఇళ్ళకు పొమ్మన్నాక కూడా వాళ్ళు కదల్లేదు. అప్పుడు మొదలయ్యాయి బాప్తిస్మాలు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన వేదికల మీద ఆ అంకెను గొప్పగా చెప్తారు. దానికి ముందు పదిహేను నెలలు తలుపు మూసి ఉంచిన సంగతి చెప్పరు. సుఖం చూపించి జనాన్ని పోగేయడం క్లౌగారికి ఎంత తేలికో ఆలోచించండి. చేతిలో కూలి ఉంది, గుమ్మంలో ఆకలి ఉంది. ఆయన చేయనన్న పనిని ఇవాళ మనం పోస్టర్లు వేసి చేస్తున్నాం.

పోగొట్టుకున్నది పేదలొక్కరే కాదు. మచిలీపట్నంలో మిషనరీ రాబర్ట్ నోబుల్ బడిలో చదివిన మంచాల రత్నం బ్రాహ్మణుడు, అయినాల భూషణం వెలమ. 1852లో ఇద్దరూ బాప్తిస్మం తీసుకుంటే ఊరంతా అట్టుడికింది, బడి ఖాళీ అయింది. పురుషోత్తమ చౌదరిగారు 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. కులం దూరమైంది, అయినవాళ్ళు దూరమయ్యారు. ఆయన కీర్తనలు మనం ఇప్పటికీ పాడుకుంటున్నాం. ఏసీ హాల్లో పాడుతున్నప్పుడు అవి ఎలాంటి ఇంట్లోంచి వచ్చాయో ఒకసారి తలుచుకుంటే చాలు.

ఆ రోజులు పోయాయి, ఇప్పుడు అలాంటి వెల ఎక్కడుంది అంటారేమో. ఉంది, చట్టం రూపంలో ఉంది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు బయటే ఉండిపోయారు. మన రెండు రాష్ట్రాల్లో వాళ్ళను బీసీ-సిలో పెట్టారు. అక్కడ రిజర్వేషన్ ఒక్క శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారి పాస్టరుగా ఉన్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. బాప్తిస్మం తీసుకుంటే అంటరానితనం పోదు, దానికి విరుగుడుగా ఇచ్చిన రక్షణ మాత్రం పోతుంది. ఇది అన్యాయం, ఈ ఉత్తర్వు మారాలి.

పొట్టకూటి కోసం సర్టిఫికెట్టులో ఒక మాట, గుడి రిజిస్టరులో ఒక మాట రాయించుకునే కుటుంబాన్ని నేను వేలెత్తి చూపను. ఆ బాధ అనుభవించేవాడికే తెలుస్తుంది. నా కోపం వేరేవాళ్ళ మీద. యేసుని నమ్మితే అన్నీ వస్తాయని మైకులో అరిచే బోధకుడు, నమ్మినందుకు చట్టం తీసేసుకునేదాని గురించి ఏనాడైనా నోరు విప్పాడా? అలాంటి కుటుంబంలోని యువకుడు రాత్రిళ్ళు నిద్రపట్టక మనస్సాక్షితో పెనుగులాడుతుంటే పక్కన కూర్చున్నాడా? వెల లేదని చెప్పి లోపలికి పిలిచాం, వెల కట్టాల్సి వచ్చినప్పుడు ఒంటరిగా వదిలేశాం. ఇది సువార్త కాదు, మోసం.

పైన చెప్పిన ఆశీర్వాద బోధను ఒప్పుకోని చదువుకున్న విశ్వాసులు కూడా ఇంకో దారిలో అక్కడికే చేరుతున్నారు. దేవుడు బుద్ధి ఇచ్చాడు, భార్యాపిల్లలున్నారు, ఎందుకొచ్చిన గొడవ, జాగ్రత్తగా ఉండటం పాపమా అంటారు. ఈ మాటలో కొంత నిజముంది. ఒక పట్టణంలో హింసిస్తే ఇంకో పట్టణానికి పారిపొమ్మని యేసే చెప్పాడు. దమస్కులో పౌలును గంపలో కూర్చోబెట్టి గోడ మీంచి దించారు. ఫిలిప్పీలోనూ యెరూషలేములోనూ ఆయన తన రోమా పౌరసత్వాన్ని గట్టిగా వాడుకున్నాడు. ప్రాణం మీద తీపి పాపం కాదు. కావాలని కొట్టించుకోవడం భక్తీ కాదు.

అయితే అదే పౌలు కైసరయలో ఏం చేశాడు? అగబు ఆయన నడికట్టు తీసి తన కాళ్ళూ చేతులూ కట్టుకుని, యెరూషలేములో నీకు ఇదే జరుగుతుందని చూపించాడు. స్నేహితులు ఏడ్చారు, వెళ్ళవద్దని బతిమాలారు. పౌలు వెళ్ళాడు. గంపలో దిగినప్పుడు పని ముందుకు సాగడం కోసం ప్రాణం కాపాడుకున్నాడు. కైసరయలో ప్రాణం కాపాడుకోవాలంటే పని వదిలేయాలి. అందుకే ఒప్పుకోలేదు. జాగ్రత్త ఎవరికి ఊడిగం చేస్తోందన్నదే ప్రశ్న. మన జాగ్రత్తలో ఎక్కువ భాగం పనిని తప్పించుకోవడానికే. వెలివాడలో ప్రార్థనకు పిలిస్తే బండి లేదంటాం, ఊళ్ళో పెద్ద మనిషి కూలీని కొడితే సాక్షిగా రమ్మంటే సంఘం పేరు పాడవుతుందంటాం.

పని కోసం సౌఖ్యం వదిలినవాళ్ళూ ఉన్నారు. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు తిరునెల్వేలి మనిషి. వైఎంసీఏలో దేశమంతా తిరిగే మంచి ఉద్యోగం, పేరు, పరిచయాలు. ముప్పై అయిదేళ్ళ వయసులో అవన్నీ వదిలి 1909లో దోర్నకల్ వచ్చి, మొదట డేరాలో ఉండి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన్ను ఎవరూ కొట్టలేదు, చంపలేదు. సౌఖ్యాన్ని వదులుకోవడం అన్నిసార్లూ రక్తంతో ముడిపడి ఉండదు. చాలాసార్లు అది ఒక బదిలీ, ఒక కొత్త భాష, ఒక డేరా.

ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మిషనరీ గ్లాడిస్ స్టెయిన్స్ విషయంలో రక్తమూ ఉంది. 1999 జనవరి 22 రాత్రి, తెల్లవారితే 23, ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహం, కొడుకులు ఫిలిప్, తిమోతి బండిలో నిద్రపోతుండగా తగలబెట్టారు. పిల్లలకు పదేళ్ళు, ఆరేళ్ళు. కూతురితో కలిసి ఆమె వెంటనే ఆస్ట్రేలియా వెళ్ళిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. ఆమె చంపినవాళ్ళను క్షమించానన్నారు. బారిపదలోనే ఉండి కుష్ఠు రోగుల పని కొనసాగించారు, ఆసుపత్రి కట్టించారు, 2004లో గానీ వెళ్ళలేదు. 2005లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. నమ్మినవాడికి కీడు రాదన్న బోధకుడు ఆమె ఎదుట నిలబడి ఆ మాట అనగలడా? అనలేని మాటను వెయ్యిమంది కూర్చున్న సభలో అనడానికి ఎవరిచ్చారు అధికారం?

ఒక హద్దు కూడా గట్టిగా చెప్పాలి. విశ్వాసం కోసం పణంగా పెట్టే హక్కు నాకు నా సుఖం మీద, నా ప్రాణం మీదే ఉంది. ఇంకొకరి ప్రాణం మీద లేదు. బిడ్డకు జ్వరం వస్తే నూనె రాసి ఆసుపత్రికి తీసుకుపోకుండా కూర్చోవడం, షుగరు మాత్రలు మానేయమని ముసలివాళ్ళకు చెప్పడం, కరోనా రోజుల్లో మాస్కు పెట్టుకోవడం అవిశ్వాసమని జనాన్ని ఒక్కచోట కుక్కడం విశ్వాసం కాదు. అవీ ఆ పాత లెక్కలోంచి వచ్చినవే. దేవుడు నన్నేమీ కానివ్వడన్న ధీమా తప్ప వాటిలో త్యాగం ఎక్కడుంది? 2021 వేసవిలో మన రెండు రాష్ట్రాల్లోనూ ఎందరో పాస్టర్లు, వాళ్ళ ఇల్లాళ్ళు కరోనాతో పోయారు. వాళ్ళలో ప్రార్థనాపరులున్నారు, రోగుల ఇళ్ళకు వెళ్ళినవాళ్ళు, పోయినవాళ్ళను సమాధి చేయించినవాళ్ళు ఉన్నారు. విశ్వాసం చాలక పోయారని వాళ్ళ పిల్లల ముఖం మీద చెప్పే బోధను మనం ఇంకా ఎందుకు మోస్తున్నాం?

ఆ బోధ చేసే గాయం ఎలాంటిదో నేను దగ్గర్నుంచి చూశాను. ఆదివారం సాక్ష్యాల సమయం. ఒకరికి కెనడా వీసా వచ్చింది, ఒకరు స్థలం రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు. చప్పట్లు, స్తోత్రాలు. వెనక వరుసలోంచి ఒకామె లేచింది. నెల క్రితం డెంగ్యూతో కొడుకు పోయాడు, డిగ్రీ చదువుతున్న పిల్లాడు. మైకు పట్టుకుని, ‘బాబు పోయాడు అయ్యగారూ, నలభై రోజులు ఉపవాసముండి అడిగినా దక్కలేదు, అయినా నేనాయన్ని విడవను’ అంది. ఇంకేదో చెప్పబోయింది. ‘అమ్మా, సాక్ష్యమంటే జయం గురించి చెప్పాలమ్మా’ అంటూ నడిపించేవారు చెయ్యి చాపారు. కీబోర్డు అబ్బాయి పాట ఎత్తుకున్నాడు. ఆమె మైకు ఇచ్చేసి కూర్చుంది. ఆ రోజు ఆ గుళ్ళో షద్రకు, మేషాకు, అబేద్నెగోల మాట మాట్లాడింది ఆమె ఒక్కతే. మా దేవుడు రక్షించగలడు, రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కమని రాజుతో చెప్పిన ముగ్గురి మాట అది. దాన్ని సాక్ష్యం కాదన్నాం.

సంఘ పెద్దలకు, పాస్టరుగార్లకు నా మనవి. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయాన్ని ఈసారి చివరిదాకా చదివించండి. ఆశీర్వాద సభ పోస్టరు మీద మీరు ఇవ్వలేనిదాన్ని దేవుని పేరుతో రాయకండి. 1950 ఉత్తర్వు గురించి యువకులతో కూర్చుని నిజం మాట్లాడండి. మీ ఊళ్ళో మొదట బాప్తిస్మం తీసుకున్న కుటుంబం ఏం పోగొట్టుకుందో ఇంకా గుర్తున్న ముసలివాళ్ళుంటే వాళ్ళను ముందుకు పిలిచి చెప్పించండి. వీసా వచ్చినవాళ్ళనూ మాట్లాడనివ్వండి. ఆ తల్లిలాంటివాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉన్నారు, ఈ ఆదివారమూ వస్తారు. మైకు వాళ్ళకివ్వండి, చెప్పడం పూర్తయ్యేదాకా పాట ఎత్తకండి.